వదిన నేర్పిన గుంజుడు

తొంభైల చివర్లో సైన్యంలో చేరదామని ఫౌజు భర్తీకి మొదటిసారి సికింద్రాబాద్ వెళ్లినప్పుడు నేను బీమ్ మీద రెండే లాగాను. అడ్డంగా బిగించిన ఇనుప పైపుకు వేలాడి, గడ్డం పైపు దాటేదాకా ఒంటిని పైకి లాగాలి. పది లాగితే పూర్తి మార్కులు. పరుగులో అందరికన్నా ముందొచ్చినవాణ్ని, ఇక్కడ మూడోదానికే కాళ్లు కొట్టుకుంటుంటే హవల్దారు నవ్వి దిగమన్నాడు. వయసు ప్రకారం నాకు ఇంకొక్క భర్తీయే మిగిలింది. అదీ తప్పితే మా ఊరు రావల్కోల్‌లో బర్రెల వెంట తిరగాల్సిందే. అది నాకు చచ్చినా ఇష్టం లేదు.

ఇంటికొచ్చి పశువుల కొట్టంలో ఒక పైపు బిగించాను. పొద్దున్నే నాలుగు పచ్చి గుడ్లు మింగి వేలాడేవాణ్ని. నెల గడిచినా రెండు రెండుగానే ఉన్నాయి. మా అన్న భార్య, నాకన్నా రెండేళ్లే పెద్ద, పాలు పిండడానికొచ్చి రోజూ ఈ తమాషా చూసేది. ఒకరోజు ఉండబట్టలేకపోయింది.

"ఏందయ్యా, గబ్బిలం లెక్క ఏలాడుతున్నవ్? గా గుడ్లన్నీ ఏడికి వోతున్నయ్?"

నాకు ఒళ్లు మండింది. "మాటలు గాదు వదినా, నువ్వు గుంజు సూద్దాం!"

వదిన పాల చెంబు పక్కన పెట్టి, కొంగు నడుముకు బిగించి, ఎగిరి పైపు పట్టుకుంది. కాళ్లు ఆడించలేదు, ఊగలేదు. నాలుగు! నా మొహంలో నెత్తురు చుక్క లేదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఇంటికీ బర్రెలకూ బావి నీళ్లన్నీ చేదేది ఆమే మరి.

"రేపట్సంది నీళ్లు నువ్వే చేదు. తాడుకు ఝట్కా ఇయ్యొద్దు, మెల్లగ గుంజాలె. పైపు మీదికెల్లి దిగేటప్పుడు గూడ గంతే, దబ్బున ఇడవొద్దు."

"నీ పని తప్పిచ్చుకుందామనా?"

"పది గుంజినంక తిట్టు, పడ్త."

మొదటి వారం అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయాను. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో వారానికి నాలుగు వచ్చాయి, ఆనందం పట్టలేక బర్రెను ముద్దు పెట్టుకున్నాను. ఎండలు ముదిరి బావిలో నీళ్లు లోతుకు దిగేకొద్దీ నా లెక్క పెరిగింది. సాయంత్రాలు ఇద్దరికీ పోటీ. మొదట్లో బాపు మంచం మీంచే కేకలేసేవాడు. "కోడలు పిల్ల గట్ల ఏలాడుడేంది? ఊర్ల ఇజ్జత్ పోతది!" పది రోజులకు ఆ మంచం కొట్టం ముందుకే జరుపుకొని తనే లెక్కపెట్టసాగాడు. "గడ్డం దాటలె, గది లెక్కలకు రాదు" అని కోత పెట్టేది మాత్రం నాకే.

భర్తీలో ఎనిమిది దాకా హాయిగా వెళ్లాయి. తొమ్మిదోది ఎట్లాగో అయింది. పదోదానికి చేతులు వణికాయి. కాళ్లు విసరబోయి ఆపుకొని, మెల్లగా లాగాను. హవల్దారు "దస్" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చాను.

మిగతా పరీక్షలు కూడా గట్టెక్కి నౌకరి కాగితం వచ్చిన రోజు అమ్మ వాకిట్లో బెల్లం పంచింది. వదిన ఆ కాగితాన్ని ముందూ వెనకా చూసి నాకిచ్చేసి, వెళ్లి పైపు పట్టుకుంది. పన్నెండు లాగింది. దిగి, రొప్పుతూ నవ్వింది.

"మరి నాకెవలిస్తరు నౌకరి?"

అందరం పడీ పడీ నవ్వాం. బాపు నవ్వలేదు. లేచి వచ్చి తన బెల్లం ముక్క ఆమె చేతిలో పెట్టాడు.

"ఇయ్యాలె బిడ్డా. ముందుగాల నీకే ఇయ్యాలె."