గోడలోకి పోయిన రాళ్లు

మా ఊరి క్రైస్తవుల సమాధుల తోటకు తోట అన్న పేరే గానీ ఒక్క చెట్టు లేదు. గుట్ట కింద గరుసు నేల. కరువు ఏళ్లలో అక్కడ గడ్డపార మోగేది గానీ దిగేది కాదు. అందుకే ఎవరు పోయినా ఇంటికొక కడవ నీళ్లు తెచ్చి, గీత గీసిన చోట పోసి, నానిన తర్వాత తవ్వేవాళ్లం. తాగడానికి లేనప్పుడు కూడా ఆ కడవ ఎవరూ ఎగ్గొట్టలేదు.

సిమెంటు సమాధి కట్టించే స్తోమత మాలో ఎందరికుంది? తలవైపు ఒక గుట్టరాయి పాతేవాళ్లం. ఎవరి రాయి ఏదో ఇంటివాళ్లకు తెలుసు. నెలల బిడ్డగా పోయిన మా కూతురికి తెల్లటి పలుగురాయి పెట్టి, ఉలితో సిలువ చెక్కాను.

రెండువేల సంవత్సరం దాటాక చర్చి సంఘంలోకి కుర్ర పెద్దలు వచ్చారు. పక్క చేను లోపలికి జరుగుతోందని తోట చుట్టూ గోడ కట్టించారు. మంచి పనే. అప్పుడు నా భార్యకు జబ్బు చేసి అనంతపురం ఆస్పత్రిలో ఉన్నాం. ఇక ఇంటికి తీసుకెళ్లమని డాక్టర్లంటే వచ్చాం. తోటకు వెళ్లి చూస్తే అంతా చదును. రాళ్లన్నీ గోడలో ఉన్నాయి.

"ఏమప్పా, ఎవురినడిగి పీకినారు?" అని సంఘం కార్యదర్శిని నిలదీశాను.

"రాళ్లే కద పెదనాయనా. పేర్లుండేటివి ముట్టల్యా."

"దుడ్లుండేవాళ్లకు పేర్లుంటాయి. మీ అవ్వ యాడుండాదో చూపించు, పోదాం పా."



మంచంలో నా భార్య అడిగింది ఒకటే. "నన్ను పాప పక్కనే పెట్టించు. ఆ పొద్దు దాన్నొక్కదాన్నే ఇడ్సిపెట్టొస్తిమి." రాళ్ల సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆ వేసవిలోనే పోయింది. కడవలు వచ్చాయి. ఎక్కడ పోయాలో చెప్పమని అందరూ నా ముఖం చూశారు. ఒకసారి తవ్విన నేల నీళ్లు తొందరగా తాగుతుంది, తవ్వని నేల మీద నిలుస్తాయి. పాప చోటు అలాగైనా తెలుస్తుందేమోనని గుర్తున్న మూలంతా పోయించాను. దాదాపు పోసిన చోటల్లా ఇంకిపోయాయి. అడుగడుగునా ఎవరో ఒకరు ఉన్నారు.

"ఇంగ వెతకొద్దు బావా," అంది మరదలు. "నీళ్లైపోతాండాయి. తవ్వేదానికన్నా మిగలల్ల కద."

ఆ సమాధుల మధ్య నీళ్లు నిలిచిన చోటు ఒకటి దొరికింది. అక్కడే తవ్వించాను. పాప ఏ పక్కన ఉందో తెలియదు.

తర్వాత గోడంతా వెతికాను. సిలువ చెక్కిన ముఖం లోపలికి పెట్టి కట్టారేమో, కనబడలేదు. ఒక తెల్లరాయి ఊడబీకించి ఆమె తలవైపు పాతాను. మా బిడ్డదో, మరొకరి బిడ్డదో.

గోడకు ఆ కంత అలాగే ఉంది. పూడుస్తామని సంఘంవాళ్లు ఏటా అడుగుతారు. నేనుండగా కుదరదన్నాను.