దవడ ఎనకాల లక్క

2022 వేసవి. ఆమదాలవలసలో స్టేషన్ రోడ్డు మీద, ఎరువుల కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకుని చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెడుతున్నాను. సైటు తయారు చెయ్యడం సగం పనే. అది నలుగురి కంటా పడేలా చెయ్యడం మిగతా సగం. దానికి మా దగ్గరికొచ్చే వాళ్ళ చేతిలో ఎప్పుడూ ఏమీ ఉండదు.

పొందూరు నుంచి పైడమ్మ అలాగే వచ్చింది. అరవై దాటిన మనిషి. ఖద్దరు నూలు వడుకుతుంది. ఆవిడా, మరో నలుగురు ఆడవాళ్ళూ కలిసి తమ నూలుతో నేయించిన పంచెలు, చీరలు అమ్మడానికి సైటు పెట్టుకున్నారు. తలా కాస్త వేసుకున్న డబ్బులో సైటుకు పోగా, ఫోన్లలో కనిపించే యాడ్‌లకు పది రోజులకు సరిపడా మిగిలింది. అది దాటితే ఒక్క రోజుకు కూడా లేదు.

పైడమ్మ సంచిలోంచి గుడ్డలో చుట్టిన వస్తువొకటి తీసి బల్ల మీద పెట్టింది. వాలుగ చేప దవడ ఎముక. దాని సన్నటి పళ్ళతోనే అక్కడ పత్తిని ఏకుతారు.

"ఇది మొదటి పేజీలో ఎయ్యాల పాపా."

నాకు నవ్వొచ్చింది. "పెద్దమ్మా, మడి కట్టుకునేవాళ్ళు కొనే పంచెలకి ముందే చేప ఎముక చూపిస్తే ఇంకేమన్నా ఉందా?"

"మరి ఎక్కడో ఓ కాడ ఎయ్యి. సూసినోల్లకి తెలవాల గదా."

సరేనని ఫొటో తీశాను. దవడ వెనక పక్క విరిగిన చోట లక్క పెట్టి అతికించి ఉంది. అది వికారంగా కనిపిస్తుందని ముందు వైపు మాత్రమే తీసి, ఆ బొమ్మను ఎవరూ చూడని మూల పేజీలో పడేశాను. మొదటి పేజీలో చీర కట్టుకున్న అందమైన అమ్మాయిని పెట్టాను. నా పని మీద నాకు ఆ రోజుల్లో గర్వం కాస్త ఎక్కువే.

యాడ్ ఎవరికి కనిపించాలో ఊరు, వయసు బట్టి ఎంచుకోవడాన్ని టార్గెటింగ్ అంటాం. నేను హైదరాబాదు, బెంగుళూరు పెట్టాను. కొనగలిగేవాళ్ళు అక్కడే ఉంటారు కదా. పైడమ్మ రెండు రోజులకోసారి ఫోన్ చేసేది. ఆర్డర్ల గురించి అడిగేది కాదు.

"కొత్తవలస కాడ కొండల్లోకి తిరిగీ రైలు ఉన్నాది గదా, కిరండోల్ ఎల్లీది. ఆ లైను మీద ఊర్లకి కనపడతాదేటి?"

"అక్కడ ఖద్దరు ఎవరు కొంటారు పెద్దమ్మా!" అని విసుక్కునేదాన్ని.

ఏడు రోజులు గడిచాయి. జనం సైటులోకి వచ్చారు, మొదటి పేజీ చూశారు, పోయారు. ఒక్క ఆర్డరు లేదు. ఎనిమిదో రోజు పొద్దున్న పైడమ్మ మళ్ళీ వచ్చి అదే ప్రశ్న వేసింది. నాకు ఒళ్ళు మండింది.

"అసలు ఆ లైను మీద ఎవరున్నారు మీకు?"

ఆవిడ సంచిలోంచి మళ్ళీ ఆ దవడ తీసింది. దాన్ని తిప్పి లక్కను వేలితో తడిమింది.

"ఇది గౌరిది. నానూ అదీ ఎదురెదురుగా కూకుని ముప్పై ఏల్లు వడికినాం. ఓపాలి నా సేతిలోంచి జారి ఇరిగిపోతే, అదే లక్కెట్టి అతికించింది. మొగుడికి ఆ లైను మీద పని దొరికిందని ఎలిపోనాది. ఎల్లీ ముందు ఇది నా ఒల్లో ఎట్టీసింది. కొన్నాల్లు ఫోను సేసీది. ఆ నంబరు ఇప్పుడు పన్జెయ్యదు. సదువు రాదు దానికి. బొమ్మ సూస్తే గుర్తుపడతాదని..."

"మొదటి రోజే చెప్పొచ్చు కదా!"

"అందరి డబ్బులు గదమ్మా. నా గోడు కోసం ఖర్చెట్టమని ఏ మొకం ఎట్టుకుని అడుగుతాను?"

నాకు సిగ్గేసింది. అప్పుడే వాళ్ళ గుంపులో పెద్దావిడకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. "గౌరి దానికొక్కదానికేనేటి, మాకు కాదేటి? ఎయ్యి తల్లీ, ఎయ్యి!" అని అటునుంచి కేక వేసింది.

మూడు రోజులు మిగిలాయి. చీర అమ్మాయిని తీసేసి దవడ బొమ్మను మొదటి పేజీకి తెచ్చాను. అదే బొమ్మతో యాడ్‌ను కొత్తవలస నుంచి కోరాపుట్ మీదుగా కిరండోల్ దాకా లైను పొడవునా ఉన్న ఊళ్ళకు తిప్పాను.

పదకొండో రోజు పొద్దున్న గది తెరిచి ఎంక్వైరీ ఫారం చూశాను. కొనదలచిన వాళ్ళు నంబరు, కావలసిన బట్ట రాసి పంపే పేజీ అది. ముందురోజు మధ్యాహ్నం వచ్చినది ఒకటి ఉంది. బట్ట ఏమిటో రాయలేదు. ఇలా ఉంది: "దవడ ఎనకాల లక్క ఉన్నాదా? పైడి ఇంకా వడుకుతన్నాదా?"

లక్క బొమ్మలో లేదు. నేనే దాచాను.

వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో కుర్రాడు తీశాడు.

"కోరాపుట్ స్టేషన్లో బండి కోసం కూర్చున్నానండి. ఫోన్లో మీ బొమ్మ వచ్చింది. పక్కనున్న పెద్దావిడ చూసి, ఫోను లాక్కున్నంత పని చేసింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను."

"ఆవిడ ఎక్కడుంటారు?"

"అడగలేదండి. నా బండొచ్చేసింది. కిటికీ దగ్గరకొచ్చి 'జవాబు వచ్చిందా బాబూ' అని అడుగుతూనే ఉంది."

ఫారం వచ్చిన క్షణమే నా ఫోన్ మోగేలా పెట్టుకోవచ్చు. దాన్ని అలర్ట్ అంటాం. ఖర్చు కూడా లేదు. ఆర్డర్లు రాని సైటుకు అదెందుకులే అని నేనే పెట్టలేదు. ఆ మధ్యాహ్నం నేను ఈ గదిలోనే, ఇదే కుర్చీలో ఉన్నాను. అది మోగి ఉంటే ఆవిడ ఆ కుర్రాడి పక్కన ఉండగానే మాట్లాడేదాన్ని.

పైడమ్మకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆటోలో పొందూరు వెళ్ళి జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆవిడ అదేమీ వినిపించుకోలేదు.

"లక్క గురించి అడిగిందేటి?" అని మూడుసార్లు అడిగింది. మూడోసారి ఏడ్చింది. "బతికే ఉన్నాది. పైడీ అన్నాది సూడు. ఈ ఊర్లో నన్నిప్పుడు పైడీ అనీవోల్లు ఎవరూ నేరు."

తర్వాత ఆ గౌరి కోసం కోరాపుట్ స్టేషన్లో కూడా విచారించాను. తెలిసినవాళ్ళు దొరకలేదు. సైటు మాత్రం నిలబడింది. ఆ ఎముకను చూసి అసలైన పొందూరు బట్ట అని పోల్చుకున్నవాళ్ళే ఇప్పుడు కొంటున్నారు. పూజకు కట్టుకునే పంచెలనే ఎక్కువ అడుగుతున్నారు. మడి గురించి నేను పడ్డ భయం ఉత్తదే.

ఇదివరకు కొత్తగా వచ్చినవాళ్ళను ఎంతమందికి కనిపించాలని అడిగేదాన్ని. ఇప్పుడు ఎవరికి కనిపించాలని అడుగుతున్నాను, అడిగాక నోరు మూసుకుని వింటున్నాను. ఆ ఫారానికి అలర్ట్ పెట్టాను. అన్నం తింటున్నా, బస్సులో ఉన్నా అది మోగితే వెంటనే తీస్తాను. ఇంతవరకూ అన్నీ పంచెలూ చీరలే.

ఏడాదికోసారి సైటు పేరును రెన్యువల్ చేయించడానికి పైడమ్మ వస్తుంది. వచ్చినప్పుడల్లా మొదటి పేజీ చూపించమంటుంది. అందులో ఇప్పుడు దవడను తిప్పి తీసిన బొమ్మ ఉంది, లక్క స్పష్టంగా కనిపిస్తుంది. కింద పెద్ద అక్షరాలతో ఆవిడ చెప్పిన మాటలు, గౌరికి ఎవరైనా చదివి వినిపిస్తారని: "ఉన్నాది. వడుకుతన్నాను. నీ సోటు అలాగే ఉన్నాది."