సద్దు తగ్గించి వాయించిన రోజులు

వాల్వు యాంప్లిఫయరు కంటే మొండి వస్తువును నేను చూడలేదు. గట్టిగా వాయించినంతసేపూ బంగారం. కాస్త సద్దు తగ్గించామా, మూతి ముడుచుకుంటుంది. వాల్యూమ్ మర సగం దాటితే గానీ లోపలి వాల్వులు, పాత రేడియోల్లో వెలిగే గాజు బుడ్లలాంటివి, ఒళ్లు వంచవు. అవి ఒళ్లు వంచితే గానీ గిటారు తీగకు ఆ చిక్కదనం, చివర్లో ఆ చిన్న బొంగురు రావు. కానీ మర సగం దాటితే వీధి వీధంతా బయటికొస్తుంది. ఇంట్లో మనిషి దీన్ని ఏం చేసుకోవాలో తయారు చేసినవాడే చెప్పాలి.

కర్నూలులో పెళ్లిళ్లకు వాయించే ఆర్కెస్ట్రాలో నేను పదకొండేళ్లు గిటారు పట్టాను. పగలు ఆఫీసు, ముహూర్తాల రోజుల్లో స్టేజీ. డీజేలు వచ్చాక మమ్మల్ని పిలిచేవాళ్లు లేకపోయారు. బృందం విడిపోయిన రోజు తలా ఒక వస్తువు తీసుకున్నాం. నేను ఈ యాంప్లిఫయరు తెచ్చుకున్నాను. షామియానా కింద అది పలికిన పలుకు ఇంకా నా చెవిలోనే ఉంది. బదిలీ మీద కడపకు వచ్చి ఈ వరుస ఇళ్లలో ఒకటి అద్దెకు తీసుకున్నప్పుడు, ఆ పలుకును రోజూ సాయంత్రం ఒక అరగంట వినగలిగితే చాలనుకున్నాను. ఇల్లుగలాయన తాళంచెవి ఇస్తూ ఒకే మాట చెప్పాడు.

"పక్కింట్లో పెద్దామె ఒక్కతే ఉండాది. సద్దు గిద్దు చేస్తే కుదరదప్పా."

ఈ వీధిలో నిశ్శబ్దం నాకొక్కడికే రాసిపెట్టారు. చవితి పందిట్లో సౌండు పెట్టెలు గుండెలదిరేలా మోగుతాయి, పీర్ల పండక్కి తప్పెట్లు మోగుతాయి, ఉల్లిగడ్డల ఆటో మైకు పొద్దున్నే మొదలవుతుంది. ఎవరూ ఏమీ అనరు. గిటారు అనగానే అందరికీ చెవులుంటాయి.

మొదట పది అంకెల మరను ఒకటి దగ్గర పెట్టి వాయించాను. నీళ్లు పోసిన మజ్జిగలా ఉంది. బేస్ పెంచితే గొణిగింది. ట్రెబుల్ పెంచితే చెవిలో జోరీగ దూరింది. మర సగానికి తిప్పి పైన బొంత కప్పాను. లోపల ఎవరో మూలుగుతున్నట్టు వచ్చింది, పైగా వాల్వుల వేడికి బొంత మాడు వాసన వేసింది. బీరువాలో పెట్టి తలుపేస్తే బీరువా మోగింది. ఇంట్లో కింద నాపరాళ్లు, గోడలు రాయి, పైకప్పు కూడా బండలే. ఏ స్వరం ఎటు పోయినా తిరిగొచ్చి నా మొహాన్నే కొట్టేది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోమని ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారు. పెట్టుకున్నాను. గిటారు వాయిస్తున్నట్టు లేదు, ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు ఉంది.

"గిటారు వినపడదు గానీ, నీ విసుగు మాత్రం వీధి చివరిదాకా వినపడతాండాది," అంది మా ఆవిడ.

చివరికి మైకు సెట్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన వెనక మూత తీసి చూసి, మళ్లీ బిగించేశాడు.

"దీనికేం రోగం లేదప్పా. నువ్వే గొంతు పిసికి పాడమంటాండావు. చిన్న సద్దు కావాలంటే దీన్ని నేల మీద పెట్టద్దు. చెవి ఎత్తున పెట్టుకో. ఉండే సద్దు కాస్తా కాళ్లకు తగిల్తే ఏం లాభం?"

ఆ మాట నాకు నచ్చింది. మా ముందు గదిలో, పక్కింటి వైపు గోడకు, సరిగ్గా కూర్చున్న మనిషి చెవి ఎత్తున ఒక నల్లబండ అర ఉంది. యాంప్లిఫయరును దాని మీదికి ఎక్కించాను. మర ఒకటిన్నర దగ్గర పెట్టి ఎదురుగా కూర్చుంటే కాస్త ప్రాణం వచ్చినట్టే అనిపించింది. కానీ కొత్త పీడ తగులుకుంది. లావు తీగ మీటినప్పుడల్లా ఎక్కడో సన్నగా గలగలమనేది. వాల్వులు కదిపి చూశాను. స్క్రూలన్నీ బిగించాను. మళ్లీ పెద్దాయన దగ్గరికి మోశాను. అక్కడ గలగల లేదు. ఇంటికి తెస్తే ఉంది. తల ప్రాణం తోకకు వచ్చింది. సైకిలు ట్యూబు ముక్కలు కోసి పెట్టె నాలుగు మూలలా కింద పెట్టాను. మూడు రోజులకు గలగల ఆగిపోయింది. రబ్బరు అణిగి పట్టు కుదిరిందని మా ఆవిడకు పాఠం చెప్పాను. ఆ వారమంతా ఇంజనీరులా తిరిగాను.

గలగల పోయింది గానీ నాదం మాత్రం రాలేదు. రెండేళ్లు మరలు తిప్పీ తిప్పీ విసిగిపోయాను. అద్దె ఇళ్లలో బతికేవాడికి ఈ వస్తువు తగదని ఒప్పుకోవడానికి అంత కాలం పట్టింది. అమ్మేస్తానని నలుగురికి చెప్పాను. రాయచోటి నుంచి ఒకాయన ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు. ఇక దాని స్విచ్చి వేయబుద్ధి కాలేదు. దాన్ని చూస్తేనే ఒళ్లు మండేది, అయినా పొద్దున్నే దాని మీద దుమ్ము తుడిచేవాణ్ణి.

శనివారం సాయంత్రం పక్కింటి పెద్దామె మా గడపలోకి వచ్చింది. రెండేళ్లలో ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు. సద్దు గురించి తిట్టడానికే వచ్చిందనుకుని లేచి నిలబడ్డాను.

"ఏం నాయనా, ఒళ్లు బాగలేదా? నాలుగు దినాలాయె, వాయించడం లేదే?"

"మీకు వినపడుతుందా అమ్మా?"

"వినపడకేం? రోజూ నమాజు అయినాక గిన్నెలన్నీ కిందికి దించి పెట్టుకుని కూర్చుంటాండా."

నాకు అర్థం కాలేదు. రమ్మని తీసుకుపోయి చూపించింది. మా ముందు గదికి ఆనుకుని ఆమె వంటిల్లు. గోడకు నల్లబండ అర. ఈ వరుస ఇళ్లు కట్టినవాళ్లు ఖర్చు తగ్గుతుందని ఒకే బండను గోడలో అడ్డంగా దూర్చి చెరి సగం వదిలారు. ఇటు సగం మీద నా యాంప్లిఫయరు, అటు సగం మీద ఆమె స్టీలు గిన్నెలు.

"మొదట్లో గలగలమంటాండె. వచ్చి చెప్దామనుకుంటి. అంతలోకే, బాగుండాది కదా, మనమే గిన్నెలు దించుకుంటే సరిపాయె అనుకుంటి."

నా సైకిలు ట్యూబు ముక్కలు గుర్తొచ్చి తలెత్తలేకపోయాను. ఉండబట్టలేక ఇంటికి పరుగెత్తి స్విచ్చి వేశాను. మర అదే ఒకటిన్నర. గిటారు మా ఆవిడ చేతిలో పెట్టి, లావు తీగ మీటుతూ ఉండమని చెప్పి, మళ్లీ పెద్దామె వంటింట్లోకి వచ్చాను.

షామియానా కింద విన్న ఆ పలుకే బండలోంచి వచ్చింది. నిండుగా, చిక్కగా, చివర్లో ఆ చిన్న బొంగురుతో సహా. వాల్వులు చేయని పని బండ అదిరి చేస్తోంది. ఆ రాతిగోడ పలచనిదంతా నాకు వదిలేసి, నేను రెండేళ్లు వెతికిందంతా ఆమెకు పంపుతోంది. సంగీతం రాని మా ఆవిడ ఒక్క తీగ మీటితే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. అక్కడ కూర్చుని వాయించడానికి వైరు చాలదు. ఇంకొకరి వంటింట్లో గిటారు పట్టుకు కూర్చోవడానికి నాకు మొహం చెల్లదు.

"అమ్మేస్తున్నానమ్మా దాన్ని," అన్నాను.

ఆమె దించిన గిన్నెల వైపు చూసింది.

"అయితే ఇవి పైన పెట్టుకోవచ్చు," అని మాత్రం అంది. పెట్టడానికి మాత్రం వంగలేదు.

రాయచోటి ఆయనకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి రావద్దన్నాను. ఆయన తిట్టిన తిట్లు న్యాయమైనవే.

ఇప్పుడు రోజూ సాయంత్రం వేలి కణుపుతో బండ మీద రెండుసార్లు కొడతాను. అవతల గిన్నెలు ఒక్కొక్కటే దిగుతాయి. చివరి గిన్నె దిగాక మొదలుపెడతాను. నాకు వచ్చేది అదే నీళ్ల మజ్జిగ, అదే విసుగు. అరగంట అయ్యాక గోడ దగ్గరికి జరిగి అడుగుతాను.

"ఎట్లుందమ్మా ఈ పొద్దు?"

"శానా బాగుండె నాయనా," అంటుంది.