గున్నమ్మ కాలి మిషను

మా ఎదురింటి గున్నమ్మకూ ఆమె అత్త జగ్గమ్మకూ మాటలు లేక అప్పటికి నాలుగేళ్లు. మాటలు లేవంటే ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉండేదని అనుకోకండి. సాలూరుకు మూడు మైళ్ల దూరంలో ఉన్న మా ఊళ్లో అంత చప్పుడు చేసే కొంప ఇంకోటి లేదు. ఒకరితో ఒకరు మాట్లాడరు కాబట్టి ఇద్దరూ గేదెతో మాట్లాడేవారు.

"ఒలే గేదే, సూసినావా? పొద్దు నెత్తిమీదికొచ్చినా పొయ్యి ఎలగలేదు. మన కోడలమ్మగారికి ఇంకా తెల్లారినట్టు నేదు," అని జగ్గమ్మ దాని మెడ గోకుతూ అనేది.

"గేదే, నీకు కుడితి పోసేది నాను. ఎవులి మాట ఇనాలో నువ్వే ఆలోసించుకో," అని రెండో పక్క నుంచి గున్నమ్మ.

గేదె ఇద్దరి మాటలూ వినేది, ఎవరి వైపూ తల తిప్పేది కాదు. ఆ ఇంట్లో సుఖపడిన ప్రాణి అదొక్కటే. గున్నమ్మ మొగుడు సోములు కూడా అదే పద్ధతి నేర్చుకుందామని చూశాడు గానీ, మనిషి కావడం వల్ల కుదరలేదు.

తగవు మొదలైంది బొంత దగ్గర. పాత చీరలు ఐదు పొరలుగా పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచుకు వరసలు వరసలుగా కుట్టే బొంతలకు ఆ ఇంటికి పేరుండేది. ముప్పై ఏళ్లు జగ్గమ్మ కుట్టింది. ఆమెకు చూపు మందగించాక కోడలు కూడా సూది పట్టింది. ఒకనాడు, బొంత పట్టుకుపోవడానికి వచ్చిన మనిషి ఎదుటే, అత్త వేసిన వరస వంకర పోయిందని గున్నమ్మ కత్తెర పెట్టి ఆ కుట్టంతా విప్పేసింది. జగ్గమ్మ సూది కింద పెట్టింది. మళ్లీ పట్టలేదు. కోడలి మొహం చూసి మాట్లాడనూ లేదు. వసారాలో స్తంభానికి వీపు ఆనించి, నేలమీద కాళ్లు చాపుకుని కూర్చుని, కోడలు వేసే ప్రతి వరసకూ ఎదుటి పాకలోని గేదెతో వంకలు చెప్పడం మాత్రం మానలేదు.

అరవై ఎనిమిదిలో సాలూరు లారీల నరసింగరావు వచ్చి ఏకంగా ముప్పై బొంతలు కావాలన్నాడు. ఘాటీ ఎక్కి కొరాపుట్ వైపు పోయే అతని డ్రైవర్లూ క్లీనర్లూ చలికాలంలో లారీలోనే పడుకుంటారు. కార్తీక పౌర్ణమి నాటికి ముప్పై అందాలి, ఒక్కటి తగ్గినా బేరం లేదు అని తెగేసి చెప్పాడు. చేత్తో కుడితే నెలకు మూడు పూర్తవడం గొప్ప. పైగా సూదిని తోసీ తోసీ గున్నమ్మ కుడి బొటనవేలు వాచిపోయింది. రెండుసార్లు చీము తీసిన కాంపౌండరు, "మళ్లీ సూది పట్టినావంటే ఏలు నా కాడ ఇడిసెల్లాలి," అని భయపెట్టాడు. వేలు దక్కాలన్నా, బేరం దక్కాలన్నా మిషను కొనక తప్పదు. బొంతల మీద గున్నమ్మ దాచుకున్నది దానికి సరిపోతుంది.

మిషను కొనడం మీద ఎవరికీ పేచీ లేదు. చేతి మిషనా, కాలి మిషనా అన్నదే యుద్ధం. చేతి మిషను చవక. నేలమీద పెట్టుకుని, కుడిచేత్తో చక్రం తిప్పుకుంటూ కుట్టుకోవచ్చు. రవికలకు అది చాలు. బొంతకు చాలదు. ఐదు పొరల బరువును సూది కిందకు లాగడానికి రెండు చేతులూ కావాలి. కాలితో తొక్కే మిషనైతే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. కానీ దానికి స్టూలు మీద కూర్చోవాలి. మా వైపు రైతుల ఇళ్లలో అత్త నేలమీద ఉండగా కోడలు ఎత్తుమీద కూర్చునే ఆచారం లేదు.

"గేదే, ఇన్నావా?" అంది జగ్గమ్మ. "రాణీగారు సింవాసనం ఎక్కుతారట. ఎక్కి నా ముక్కు ముందల కాలు ఆడిస్తారట. నా పేనం ఉండగా అది జరగదని సెప్పు."

"నా ఏలు ఊడిపోతే ఆవిడ ఏలు కోసిస్తాదేటో అడుగు," అంది గున్నమ్మ.

విజయనగరం షాపుకు గున్నమ్మా సోములూ నన్ను కూడా రమ్మన్నారు. బడి మేష్టర్ని, ఇంగ్లీషు చదవగలను, మిషన్ల సంగతి తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. తెలియదని చెప్పడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. బస్సు కదలబోతుండగా జగ్గమ్మ కూడా ఎక్కి కూర్చుంది. గేదెను బస్సెక్కించలేం గదా. ఆ రోజుకు దాని ఉద్యోగం నాకు పడింది.

షాపు యజమాని జగన్నాధం అప్పుడే అగరొత్తులు వెలిగించి కూర్చున్నాడు. గున్నమ్మ సంచిలోంచి ఐదు పొరల బొంత ముక్క తీసి బల్ల మీద పడేసింది.

"ఇదేటమ్మా?"

"బొంత. దీన్ని కుట్టిన మిషనే నాను కొంటాను."

"బోణీ కాలేదు! పాత గుడ్డలట్టుకొచ్చి కొత్త మిషన్లో దూరుస్తావా? ఇవి కుట్టు మిషన్లనుకున్నావా, సెరుకు గానుగలనుకున్నావా?"

"ఎద్దును కొన్నప్పుడు నాగలి కట్టి సూసుకోవా?"

"నానెప్పుడూ ఎద్దును కొనలేదు."

"అందుకే తెల్దు నీకు."

జగన్నాధం మొహం ఎర్రబడింది. అతను ఇంకేమైనా అనేలోగా నా తెలివి చూపించాలనిపించింది. షాపులో మూడు రకాలున్నాయి. రెండు వందల చేతి మిషను, మూడు వందల పాతికకు ఇనప స్టాండు కాలి మిషను, ఐదు వందలు దాటిన చెక్క పెట్టె మిషను. దానికి సొరుగులు, నగిషీలు, పని అయ్యాక మిషను పెట్టెలోకి దిగిపోయే ఏర్పాటు. కాగితం మీద దాని గొప్పలు చదివి, ఇదే మేలైనదని తీర్పు చెప్పి, తొక్కి చూపిద్దామని కూర్చున్నాను. చక్రం వెనక్కి తిరిగింది. దారం గుత్తులు గుత్తులుగా చుట్టుకుని ఫట్‌మని తెగింది.

"మేష్టారూ," అన్నాడు జగన్నాధం, "తమరు బడిలో పిల్లల్నీ ఇలాగే ఎనక్కి నడిపిస్తారా?"

జగ్గమ్మ నవ్వింది. గున్నమ్మ నవ్వింది. నాలుగేళ్లలో ఆ ఇద్దరూ కలిసి చేసిన పని నాకు తెలిసి అదే మొదటిది.

నన్ను లేపి గున్నమ్మ కూర్చుంది. ఆ ఖరీదైన మిషన్లో గుడ్డను నొక్కి పట్టే ఇనప పాదం ఐదు పొరలకు సరిపడా పైకి లేవలేదు. బలవంతంగా దూర్చేసరికి సూది విరిగింది. జగన్నాధం లేచి నిలబడి, ఆ సూదికి తన తాతల కాలం నాటి గౌరవం ఏదో ఉన్నట్టు అరిచాడు. గున్నమ్మ తిరిగి అరుస్తూనే మధ్య రకం మిషను దగ్గరికి నడిచింది. "లావు సూదెయ్యి దీనికి," అంది. అతను గొణుక్కుంటూ పద్దెనిమిదో నెంబరు సూది బిగించాడు. దడదడమని శబ్దం చేస్తూ మిషను బొంత ముక్కను ఈ చివర నుంచి ఆ చివరకు నమిలి వదిలింది. గున్నమ్మ కుట్టును గోటితో లాగి చూసింది. ఊడలేదు.

అప్పటికి జగ్గమ్మ షాపు నడిమధ్య, చేతి మిషను పక్కన నేలమీద బైఠాయించింది.

"మేస్టరు బాబూ, ఆ మనిసికి సెప్పు. ఇదే కొంటాం. ఇది బుద్దిగా నేలమీద ఉంటాది."

"మేస్టారూ, నాకు మూడో సెయ్యి మొలిపిస్తే అదే కొంటానని ఆవిడికి సెప్పండి."

"ఇద్దరూ ఎదురెదురుగానే ఉన్నారు గదా, మధ్యలో ఈయనెందుకు?" అన్నాడు జగన్నాధం. "కొంటే కొనండి, నేకపోతే బయటికి నడవండి!"

జగ్గమ్మ కదలలేదు. గున్నమ్మ స్టూలు దిగలేదు. పొద్దుటి నుంచి పెదవి విప్పని సోములు గోడకేసి చూస్తూ అన్నాడు:

"గొయ్యి తీసేద్దుం."

అందరం అతని వైపు తిరిగాం. పొందూరు వైపు నేతగాళ్లు నేలమీద కూర్చుని, కాళ్లు గోతిలో పెట్టి మగ్గం తొక్కుతారు. జగ్గమ్మ పుట్టిల్లు అటే. వసారాలో గొయ్యి తీసి మిషన్ను అందులోకి దింపితే గున్నమ్మ నేలమీదే కూర్చుంటుంది, కాలు గోతిలో ఆడుతుంది. జగ్గమ్మ చేతి మిషను పక్క నుంచి లేచి చీర దులుపుకుంది. వంక దొరకలేదు. ఆ మధ్య రకం మిషను లారీ మీదెక్కి మా ఊరొచ్చింది.

ఆ ఏడు శ్రావణ భాద్రపదాలు ఎండల్లోనే గడిచాయి. గోతి అంచున కూర్చుని గున్నమ్మ పదకొండు బొంతలు కుట్టి వసారా మూల మడతలు పెట్టింది. జగ్గమ్మ దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చూపించేది. "సూడండి, ఎంత మిషను కొన్నా మా కోడలు నేలమీదే."

ఆశ్వయుజంలో వాయుగుండం పట్టింది. గోతిలోకి నీళ్లూరాయి. గున్నమ్మ చెంబుతో తోడితే తెల్లారేసరికి మళ్లీ చీలమండల దాకా వచ్చేవి. కప్పలు చేరాయి. అదీ భరించేదే గానీ, చక్రాన్ని తిప్పే తోలు బెల్టు నాని సాగిపోయింది. ఎంత తొక్కినా బెల్టు జారడమే గానీ చక్రం కదలదు. నాలుగు రోజుల్లో ఒక్క వరస కూడా పడలేదు. ఇంకా పంతొమ్మిది బొంతలు కుట్టాలి. పౌర్ణమికి నెల పైచిలుకే ఉంది.

"గేదే, నీళ్లకి సెరువుకెల్లక్కర్లేదు," అంది జగ్గమ్మ. "వసారాలోనే నుయ్యి తవ్వించినారు."

మర్నాడు పొద్దున్నే గున్నమ్మ సోములు చేత మిషను పైకి తీయించి, గొయ్యి పూడ్పించి, బెల్టు బిగించుకుని నా దగ్గరికొచ్చింది. "మేస్టారూ, మీ బడి స్టూలు ఓపాలి ఇయ్యండి." ఆ నెలంతా నేను నిలబడే పాఠాలు చెప్పాను. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు నా శ్రద్ధను మెచ్చుకుని పుస్తకంలో రాసి వెళ్లాడు. ఆ స్టూలు మళ్లీ బడికి రాలేదు.

స్టూలు తీసుకెళ్తూ నేనూ వెళ్లాను. జగ్గమ్మ స్తంభం దగ్గర కదలకుండా కూర్చుని ఉంది. మిషను సరిగ్గా ఆమె ఎదుటే. గున్నమ్మ స్టూలు వేసుకుని కూర్చుని తొక్కడం మొదలెట్టింది. కోడలి కాలు అత్త ముక్కు ముందు ఆడింది. జగ్గమ్మ గేదె వైపు చూసింది. లేచింది. వెళ్లిపోతుందనుకున్నాం. మూలన ఉన్న పదకొండు బొంతల కుప్ప దగ్గరికెళ్లి, దాని మీదెక్కి కూర్చుంది. తల వంచి స్టూలు వంక కొలిచినట్టు చూసింది. ఇంకా నాలుగు వేళ్లు తక్కువ.

"గేదే," అంది, "బేగి కుట్టమని సెప్పు."

ఆ రోజు నుంచి జగ్గమ్మకు నిద్ర లేదు, గున్నమ్మను నిద్రపోనివ్వలేదు. పొరలు తనే పరిచి, మడతలు సరిచేసి కోడలి వైపు విసిరేది. బొంత పూర్తవగానే కిందికి దిగి, దాన్ని కుప్ప మీద వేయించి, మళ్లీ ఎక్కేది. పన్నెండో బొంతతో స్టూలును అందుకుంది. పదమూడో దానితో దాటింది. ఇక పైనుంచి తిట్లు. "ఆ వరస సూడవే గేదే, పాము పోయినట్టుంది! మిషను కొన్నా సేతులు ఆ సేతులే గదా!" కింద గున్నమ్మ ఇంకా గట్టిగా తొక్కేది, ఆ తిట్లు వినిపించకుండా. రెండో కుప్ప వేద్దామంటే జగ్గమ్మ ఒప్పుకోలేదు. సోములు భుజం మీద కాలుపెట్టి ఎక్కేది. ఇరవై అయిదోదానికి తల చూరుకు తగిలింది. మిగతా అయిదూ గత్యంతరం లేక పక్కన పెట్టనిచ్చింది.

పౌర్ణమికి రెండు రోజుల ముందు నరసింగరావు లారీతో వచ్చాడు. క్లీనర్లు పక్కనున్న అయిదూ ఎత్తారు. కుప్ప దగ్గరికొచ్చి ఆగిపోయారు.

"జగ్గమ్మత్తా, దిగు," అన్నాడు నరసింగరావు.

"నన్ను దిగమనడానికి నువ్వెవులివి?"

"ఆ బొంతలు నాయి!"

"నాను కూకున్నంతసేపూ నాయి."

ఊరు పోగైంది. సోములు బతిమాలాడు. నరసింగరావు లెక్క తగ్గితే బేరం లేదని మళ్లీ గద్దించాడు. గున్నమ్మ మిషను ముందు నుంచి లేవకుండానే పశువుల పాక వైపు తిరిగి గొంతెత్తింది.

"గేదే, ఈ బేరం పోతే ఇంకో బేరం రాదు. ఇంకో కుప్పా ఉండదు. అది సెప్పు."

జగ్గమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా జారి దిగింది.

లారీ వెళ్లిపోయాక వసారా బోడిగా ఉంది. జగ్గమ్మ స్తంభం దగ్గర నేలమీద కూర్చుంది. గున్నమ్మ స్టూలు మీద కూర్చుని, మానిన బొటనవేలితో నూనె డబ్బా నొక్కుతూ, చమురు పట్టేందుకు మెల్లగా తొక్కుతోంది. కాలు మళ్లీ ముక్కు ముందు ఆడుతోంది. జగ్గమ్మ కాసేపు ఓర్చుకుంది. ఆపైన లోపలికెళ్లి తన పెట్టె తెరిచింది. చేతికందిన చీరలన్నీ, ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న ఎర్రంచు చీరతో సహా, తెచ్చి కోడలి ఒళ్లో పడేసింది.

"కుట్టు," అంది. గేదె వంక చూడలేదు.

గున్నమ్మ కాలు ఆగిపోయింది. ఎర్రంచును వేళ్లతో నిమిరి, తల మాత్రం పాక వైపు తిప్పింది.

"ఎన్ని పొరలెయ్యాలో అడుగు గేదే."

"ఆరు," అంది జగ్గమ్మ, కోడలి మొహంలోకే కోపంగా చూస్తూ. "అయిదైతే ఎత్తు సాల్దు."