ఆకుపచ్చ పీలిక కట్టిన వాకర్

కాలుగాలిన పిల్లి అనే మాట ఎవరు పుట్టించారో గానీ ఈ పిల్లను చూసే పుట్టించి ఉంటారు. డిగ్రీ రెండో ఏడు. క్లాసులో కూర్చుంటే మోకాలు ఊగుతుంది, బస్సులో సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడుతుంది. కన్నతల్లే ‘బొంగరం’ అని పిలిచేది. వేసవి సెలవుల్లో కాలేజీవాళ్లు ఎనిమిది వారాల ఫెలోషిప్ ఇచ్చి ఊళ్లోని ఓ సేవాసంస్థకు పంపితే, వారం తిరక్కుండానే అక్కడా అదే పేరు స్థిరపడింది.

సంస్థ అంటే ఏదో ఊహించుకోకండి. ఒక షెడ్డు, ఒక వ్యాను, ముగ్గురు మనుషులు. తుంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు వాకర్లు ఊరికే ఇస్తారు, నడక కుదిరాక వెనక్కి తెచ్చుకుంటారు. మరమ్మతులు చూసే బాబాయ్ ఆపరేషన్‌కు ముందే మనిషిని పిలిపించి, నిటారుగా నిలబెట్టి, చేయి కిందికి వదలమంటాడు. మణికట్టు ఎక్కడుంటే పిడి అక్కడికి వచ్చేలా వాకర్ కాళ్లు నాలుగూ చిల్లు చిల్లుకూ జరిపి బటన్ బిగిస్తాడు. ఆ మనిషి ఎదురుగానే ఓ రంగు గుడ్డపీలిక కడతాడు. రాతా కోతా ఏమీ లేదు. పీలికే గుర్తు.

ఇదంతా బొంగరం ఐదు వారాలుగా చూస్తూనే ఉంది. చూసిందే గానీ బుర్రకెక్కించుకోలేదు. దాని బుర్రంతా చివర్లో కాలేజీకి ఇవ్వాల్సిన రిపోర్టు మీదే. ‘మీరు తెచ్చిన మార్పు ఏమిటి?’ అని అందులో ఓ ప్రశ్న. తోటి ఫెలో ఒకడు తన సంస్థకు వెబ్‌సైట్ చేసిపెట్టాడట, ఇంకొకతె లైబ్రరీ పెట్టించిందట. తను మాత్రం ఫోన్లెత్తుతూ కూర్చుంది. కూర్చోవడమనే మాటే దానికి గిట్టదాయె.

మంగళవారం ముగ్గురూ మీటింగుకు వెళ్లారు. ఇంకేముంది, బొంగరం నడుం బిగించింది. మూల ఉన్న ఆరు వాకర్లూ బయటికి లాగి కడిగింది. మాసిన పీలికలు కత్తిరించి చెత్తలో వేసింది. ఒక్కోటి ఒక్కో ఎత్తున ఉంటే వరస బాగా కుదరలేదని, అన్నిటి కాళ్లూ కింది చిల్లుకు నొక్కి పొట్టి చేసేసింది. ఫొటో తీసింది. కడగకముందు కూడా ఒకటి తీయాలని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు బాబాయ్ షెడ్డులోకి వచ్చి, ఆ వరస చూసి, స్టూలు మీద కూలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

"ఈ ఆరింటికీ మనుషులున్నారమ్మా. ఆరుగురూ ఆస్పత్రిలో ఉన్నారు" అన్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "ఐదే ఉన్నాయేంటి?"

వ్యాన్ నడిపే అన్న తలుపులోంచి చెప్పాడు: "ఒకటి పొద్దున్నే ఆస్పత్రి గేటు దగ్గర ఇచ్చేశా. బడిలో వంట చేసే ఆవిడకి. పీలికలు లేవుగా, మీరే మార్చారనుకుని ముందున్నది తీసుకెళ్లా."

"ఆవిడ నాకంటే ఎత్తు" అన్నాడు బాబాయ్. " కిందికి వంగి పట్టుకుందంటే ముందుకే పడుతుంది."

 బొంగరం టేపు పట్టుకుని వ్యానెక్కింది. ట్రాఫిక్ కదలడం లేదు. రెండో సిగ్నల్ దగ్గర ఆవిడ ఇల్లెక్కడో అన్నను అడిగి, దిగి పరుగు లంకించుకుంది. ఆవిడ పడిపోయి ఉంటే అనే ఒక్క ఆలోచనే మెదడును తొలిచేస్తోంది.

వంటావిడ పడలేదు. ఇంటి ముందు ఆటోలోంచి దిగనే లేదు. అరగంట నుంచీ చెల్లెలు బతిమాలుతోంది, ఆటోవాడు సణుగుతున్నాడు. ఆవిడ మాత్రం రాయిలా కూర్చుంది.

"అది నాది కాదు. నాదానికి ఆకుపచ్చ పీలిక ఉంది. నా కళ్లముందే కట్టాడాయన. పోయినేడు మోకాలి నొప్పికి ఎవరిదో వాకర్ పట్టుకునే పడ్డాను. ఈ తుంటి అప్పుడు దెబ్బతిన్నదే."

"నేనే తీసేశానండి. శుభ్రం చేద్దామని..." అంది బొంగరం.  టేపు విప్పింది. "కొలిచి సరిచేస్తాను. ఒక్క నిమిషం నిలబడగలరా?"

ఆవిడ ఎగాదిగా చూసింది. "నిలబడతా. నువ్వు ఒక్క నిమిషం కదలకుండా ఉండగలవా?"

చెల్లెలు ఒకవైపు పట్టుకుంది, ఆటో కడ్డీ ఇంకోవైపు ఆసరా. బొంగరం మోకాళ్ల మీద కూర్చుని మణికట్టు నుంచి నేల దాకా కొలిచింది. పుట్టి బుద్ధెరిగాక అంత కుదురుగా ఎప్పుడూ లేదు. నాలుగు కాళ్లూ ఐదేసి చిల్లులు పైకి లేపింది. బటన్లు ఒక్కోటీ నొక్కి చూసింది.

"పీలికో?" అంది వంటావిడ.

బొంగరం మెడలోని ఫెలోషిప్ కార్డు తీసి జేబులో పెట్టుకుని, దాని తాడు పిడికి ముడేసింది. "ఆకుపచ్చ కాదండి, నీలం."

"కట్టినోళ్లు గుర్తుంటే చాలు."

ఆటో నుంచి మంచం దాకా పన్నెండడుగులు. పావుగంట పట్టింది. బొంగరం వెనకాలే, అడుగులో అడుగేసుకుంటూ నడిచింది. వంటావిడ మంచం మీద సర్దుకుని కూర్చున్నాక, బొంగరం కూడా గడప దగ్గర చతికిలబడింది.

"ఇంకెంతమందివి తీసేశావు?"

"ఐదుగురివి. ఆస్పత్రిలో పడుకున్నవాళ్లకి మడమ నుంచి మణికట్టుకు కొలవచ్చని బాబాయ్ దారిలో ఫోన్ చేసి చెప్పాడు."

"మరి ఇక్కడ కూర్చున్నావేం? వెళ్లు."

బొంగరం లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. వంగి, నాలుగు బటన్లూ మళ్లీ నొక్కి చూసుకుని అప్పుడు బయల్దేరింది.