పిన్ని కుట్టిన మెడపట్టీ

మా పిన్నీ మామయ్యా కవలలు. మామయ్య పది నిమిషాలు ముందు పుట్టాడు. ఆ పది నిమిషాల పెద్దరికాన్ని నలభై ఆరేళ్లుగా వాడుకుంటూనే ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ముక్కు, ఒకే మొండితనం. మొండితనంలో మాత్రం పిన్ని రెండాకులు ఎక్కువే చదివింది.

మామయ్య ప్రెస్సులో కాగితం కత్తిరించే మిషను మీద పనిచేస్తాడు. పిన్ని ఆరు మిషన్లున్న చిన్న కార్ఖానాలో కుట్టుపని చేస్తుంది. అక్కడ నడుం బెల్టులు, మోకాలి తొడుగులు, మెడపట్టీలు తయారవుతాయి. మెడపట్టీలు పిన్ని వంతు. స్పాంజి ముక్కను అచ్చు ప్రకారం కోసి, పైన మెత్తటి గుడ్డ వేసి, వెనక అంటుకునే పట్టీ కుట్టాలి. నాలుగేళ్లుగా అదే పని. ఎన్ని వందల మెడలకు కుట్టిందో ఆవిడకే తెలీదు.

ఒక మధ్యాహ్నం మామయ్య కారులో ఇద్దరూ ఇంటికొస్తున్నారు. సిగ్నల్ దగ్గర ఆగారు. వెనక వ్యాను మాత్రం ఆగలేదు. ఇద్దరూ బెల్టు పెట్టుకునే ఉన్నారు, రక్తం చుక్క కూడా రాలేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి, ఎముకలు బాగానే ఉన్నాయని, చెరో మెడపట్టీ చేతిలో పెట్టారు. పిన్ని దాన్ని తిరగేసి చూసింది. అది ఆవిడ కుట్టిందే.

పది రోజులకి మామయ్య మెడ మామూలైపోయింది. పిన్నికి నెల దాటినా తల తిరగదు. పక్క నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. పైగా పట్టీ ఒక చోట నిలవదు. గట్టిగా బిగిస్తే కింద అంచు కాలరు ఎముక మీద ఒరుసుకుంటుంది, వదులు చేస్తే గడ్డం లోపలికి జారిపోతుంది.

“అదే కారు, అదే గుద్దు. నాకు తగ్గింది, నీకెందుకు తగ్గదే? మరీ అంత నాజూకు పనికిరాదు,” అన్నాడు మామయ్య అందరి ముందూ.

పిన్నికి తల కొట్టేసినట్టయింది. చిన్నప్పటి నుంచీ అన్నతో సమానంగా బరువులెత్తిన మనిషి. మర్నాడు ఫిజియోథెరపీ గదికి అన్నని కూడా లాక్కెళ్లింది, వెంట నేనూ వెళ్లాను.

అక్కడ వ్యాయామాలు నేర్పే అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. పిన్ని మొహమాటం లేకుండా అడిగేసింది.

“చూడమ్మా, మేం కవలలం. ఒకే దెబ్బ తగిలింది. ఈయన గంతులేస్తున్నాడు, నేనిలా కొయ్యబొమ్మనయ్యాను. నాదేమన్నా నాటకమా?”

ఆ అమ్మాయి నవ్వలేదు. టేపు తీసి ఇద్దరి తలలూ కొలిచింది. అర సెంటీమీటరు తేడా. తర్వాత మెడలు కొలిచింది. మామయ్యది ముప్పై తొమ్మిది, పిన్నిది ముప్పై మూడు.

“మోసే తల దాదాపు ఒకటేనమ్మా. మోసే కండలే ఒకటి కావు. ఒకే ఎత్తు ఉన్న ఆడామగా పక్కపక్కన నిలబడినా మామూలుగా ఆడవాళ్ల మెడ సన్నగా ఉంటుంది, కండ తక్కువుంటుంది. వెనక నుంచి గుద్దితే తల ఊగిపోతుంది కదా, ఆ ఊపుని ఆపాల్సింది ఆ కండే.”

“అయితే ఈయన మెడని కొంచెం చిన్నది చేస్తే నా మెడ అవుతుందా?”

“కాదు. కండలన్నీ ఒకే లెక్కన తగ్గవు. కొన్ని కాస్త తగ్గుతాయి, కొన్ని బాగా తగ్గుతాయి. ఆకారమే వేరు.”

పిన్ని మామయ్య వంక చూడలేదు. చూడాలంటే మెడ తిప్పాలి మరి. కానీ ఇంటికొస్తూ దారంతా వేళ్లతో మెడ చుట్టూ తడుముకుంటూనే ఉంది. నొప్పనుకున్నాం. కాదు, లెక్క వేసుకుంటోంది.

ఆ సాయంత్రమే వంటింటి బల్ల మీద తన పట్టీని కుట్లు విప్పి పరిచింది. కార్ఖానాలో పెద్ద, మధ్య, చిన్న అని మూడు అచ్చులున్నాయి. చిన్నదంటే పెద్దదాన్నే అన్ని వైపులా సమానంగా తగ్గించి గీసినదే.

“నాలుగేళ్లు కళ్లు మూసుకుని కుట్టానే,” అంది నాతో. “మగాడి మెడని కుదించి ఆడవాళ్లకి తగిలిస్తున్నాం.”

యజమాని దగ్గరికెళ్లి చెబితే ఆయన, “చిన్న సైజు ఉందిగా తల్లీ, ఇంకేం కావాలి?” అని తేల్చేశాడు.

ఇక మొదలైంది. పిన్ని చేతిలో టేపు లేని రోజు లేదు. మొదటి బలి నేనే. గడ్డం కింద, మెడ మొదట్లో, గొంతు నుంచి వెనక్కి ఎంత లోతు, అన్నీ కొలిచింది. తర్వాత మా అమ్మ, కార్ఖానాలో ఆడవాళ్లు, మా స్కూల్లో టీచర్లు. మా ప్రధానోపాధ్యాయురాలి మెడ మీద చెయ్యి వేయగలిగిన మనిషి నాకు తెలిసి మా పిన్ని ఒక్కతే. నూట ఇరవై మంది కొలతలు ఒక నోటుబుక్కులో ఎక్కాయి.

మొదట కుట్టిన పట్టీ మా అమ్మకి పెడితే నోరు తెరవడం కుదర్లేదు. “ఇదే ఉంచేయ్, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది,” అన్నాడు నాన్న. రెండోది వెనక కుచ్చు పడింది. మూడోదీ నాలుగోదీ ఎవరికీ చూపించకుండానే చెత్తబుట్టలో వేసింది. పిన్ని చిరాకులో ఉన్న ఆ రోజుల్లో ఆవిడ దగ్గరికి పోవాలంటే గుండె ధైర్యం కావాలి. నేను ఒకసారి సలహా ఇచ్చి తిట్లు తిన్నాను, మర్నాడు ఆవిడే వచ్చి అదే సలహా తన ఆలోచనగా నాకు చెప్పింది.

అప్పుడు మామయ్య వచ్చాడు.

“అచ్చులు చేత్తో కోస్తే అంచు సమంగా రాదు. గీసివ్వు, దళసరి అట్ట మీద మా మిషన్లో కోసిస్తాను.” కింద పడ్డ స్పాంజి ముక్కలు ఏరుతూ, “ఆ రోజు అలా అనాల్సింది కాదే,” అన్నాడు.

“పది నిమిషాలు ముందొచ్చావు, తెలివి మాత్రం లేటుగా వచ్చింది,” అంది పిన్ని. కానీ కాగితాలు ఇచ్చింది.

ఏడో పట్టీ కుదిరింది. ముందు భాగం పొట్టిగా, కింద అంచు లోపలికి వంపు తిరిగి, వెనక స్పాంజి మందంగా ఉంది. పాత పట్టీ భరించలేక తీసి పారేస్తున్న పన్నెండుమంది ఆడవాళ్లకి ఫిజియో అమ్మాయి డాక్టరుతో మాట్లాడి దీన్ని ఇప్పించింది. తొమ్మిదిమంది చెప్పినన్నాళ్లూ ఉంచుకున్నారు. ముగ్గురికి అదీ నచ్చలేదు. ఆ ముగ్గురి ఇళ్లకీ పిన్ని స్వయంగా వెళ్లి ఎక్కడ గుచ్చుకుంటోందో కనుక్కుని వచ్చింది. నాకు ఆవిడంటే గౌరవం పెరిగింది ఆ తొమ్మిదిమంది వల్ల కాదు, ఈ ముగ్గురి వల్ల.

ఆసుపత్రి నుంచే అడగడం మొదలుపెట్టాక యజమాని నాలుగో అచ్చు గోడకి తగిలించాడు. పిన్ని పేరు దాని మీద లేదు. అడిగితే, “పేరు గుచ్చుకుంటుంది, తీసేశా,” అంది.

ఆవిడ మెడకి నయమైంది మాత్రం పట్టీతో కాదు. “పట్టీ కొన్నాళ్లే, తర్వాత కండ పని చెయ్యాలి,” అని ఫిజియో అమ్మాయి చెప్పిన నాటి నుంచీ అరచేత్తో నుదుటిని వెనక్కి నెట్టడం, తలతో అరచేతిని ముందుకి నెట్టడం. బస్టాపులో కూడా అదే పని. చూసేవాళ్లు తలనొప్పేమో అనుకునేవారు. ఐదు నెలలకి రెండు వైపులా తల తిప్పింది.

పోయిన వారం నేను కార్ఖానాకి వెళ్లేసరికి గోదాములో బస్తాలు మోసే ఒకావిడ వచ్చి ఉంది. జారిపడి మెడ పట్టేసిందట, చేతిలో డాక్టరు చీటీ. పక్క మిషను అమ్మాయి నాలుగో అచ్చు పట్టీ అందించబోయింది.

“ఆగాగు,” అంది పిన్ని, టేపు తీసి ఆవిడ మెడ చుట్టూ వేసి చూసి కళ్లు పెద్దవి చేసుకుంది. “నలభై! మా అన్నయ్యకి కూడా లేదు. ఈ తల్లికి మధ్య సైజు తియ్యండి.”

ఆవిడ మెడ నొప్పి మరిచిపోయి నవ్వేసింది.