పుత్తూరు కట్టుతో పది గంటలు

మా వీధిలో ఒకరు విమానమెక్కుతున్నారంటే, సగం వీధి చెన్నై దాకా సాగనంపడానికి తయారయ్యే రోజులవి. నాకప్పుడు ముప్పై రెండేళ్లు. రోజూ తిరుపతిలో కంపెనీ బస్సెక్కి శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీకి పోయి వచ్చేవాణ్ని. ఆ ఫ్యాక్టరీవాళ్లు నన్ను ఆరు నెలల శిక్షణకు జర్మనీ పంపుతామన్నారు. భార్యాపిల్లలను కూడా తీసుకుపోవచ్చన్నారు. ఆ ప్రయాణం గురించి మా బంధువుల్లో పదహారేళ్లుగా ఒక కథ తిరుగుతోంది. మా ఆవిడ చాదస్తంతో పాప విరిగిన చేతికి పుత్తూరు నాటు కట్టు కట్టించి, విమానం మొత్తం ముక్కు మూసుకునేలా చేసిందని. ఆ కథ పుట్టించినవాణ్ని నేనే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, అభినయంతో సహా చెప్పినవాణ్నీ నేనే. అందులో రెండు అబద్ధాలున్నాయి. (మూడోది కూడా ఉంది గానీ, దాన్ని అబద్ధమంటే సరిపోదు.) అవి ఇక్కడ సరిచేసుకోవాలి.

ప్రయాణం నాలుగు రోజులుందనగా, మా ఐదేళ్ల పాప కొత్త సూట్‌కేసును గుర్రం చేసుకుని స్వారీ చేస్తూ కింద పడి ముంజేయి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో డాక్టరు చూసి, "సిమెంటు కట్టు వేస్తాను. కానీ వాపు తగ్గేదాకా విమానం వద్దు. ఓ పది రోజులు వెనక్కి జరుపుకోండి" అన్నాడు. మా ఆవిడ వెంటనే సరేనంది. నేను మాత్రం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. పది రోజులు ఆగితే నా బదులు పోవడానికి ఫ్యాక్టరీలో ఇంకొకడు పెట్టె సర్దుకుని కూర్చున్నాడు.

"పుత్తూరికి పోదాం పా" అన్నాను.

"ఏందబ్బా నువ్వు! డాక్టరు అంత చెప్తాంటే చెవికెక్కలేదా? బిడ్డ కన్నా నీకు జర్మనీ ఎక్కువైపోయిందా?"

"మా నాయనకు కాలిరిగితే ఆడనే కట్టినారు. తొంబై దినాలకు చెట్టెక్కినాడు, తెలుసునా?"

"మీ నాయన చెట్టెక్కినాడు, ఇమానం ఎక్కలేదు గదా!"

ఇదీ జరిగింది. పుత్తూరు పట్టుబట్టింది నేను, వద్దని మొత్తుకుంది ఆమె. అక్కడి పెద్దాయన ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి చక్కగా కట్టాడు. (చెయ్యి చక్కగా అతుక్కుంది కూడా, ఆయన పనికి వంక పెట్టను.) "విమానంలో పోతే ఏమన్నా అవుతుందా స్వామీ?" అనడిగాను. ఆయన నవ్వి, "ఎముక్కి ఏమీ కాదులేప్పా" అన్నాడు. ముక్కుల సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

రెండో అబద్ధం సీటు. "వాళ్లే నాకు వేరే ఇచ్చినారు" అని చెబుతూ వచ్చాను. నిజానికి విమానాశ్రయం కౌంటర్లో, "రెండు సీట్లు వెనక, నాకొకటి ముందర వెయ్యమ్మా" అని మెల్లగా అడిగింది నేనే. శిక్షణ కాగితాలు చదువుకోవాలి గదా! అలా ఏడాదిన్నర బాబును ఒళ్లో, పాపను పక్కన వేసుకుని మా ఆవిడ వెనక, నేను ఎనిమిది వరుసలు ముందర.

విమానం లేచిన గంటకు, మూడు రోజుల నాటి కోడిగుడ్డు తన ఉనికి చాటుకుంది. ముందు ఒకాయన తన బూట్లనే అనుమానంగా చూసుకున్నాడు. తర్వాత ఎయిర్ హోస్టెస్‌లు తలల మీది అరలన్నీ తెరిచి వాసన చూశారు. చివరికి అందరి చూపులూ వెనక్కి, మా ఆవిడ మీదికి తిరిగాయి. బాబు ఏడుపు అందుకున్నాడు. ఆమె వాణ్ని భుజాన వేసుకుని, పాప చేతిని తన చీర కొంగుతో చుట్టి, చుట్టూ ఉన్నవాళ్లకు ఏవేవో సైగలతో క్షమాపణలు చెబుతోంది. నా పక్కన టై కట్టుకున్న చెన్నై పెద్దమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఆ కుటుంబం మీకు తెలుసా?" అని ఇంగ్లిషులో అడిగాడు.

"తెలియదు" అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఊడిపడి ఐదు నిమిషాలైనా కాలేదు, పాప కట్టు చేతిని జెండాలా పైకెత్తుకుని నడుచుకుంటూ వచ్చింది. "నాయనా, అమ్మ రమ్మంటాంది. తమ్ముడు కక్కినాడు" అంది. నేను కళ్లు మూసుకున్నాను. అది నా చొక్కా పట్టుకుని రెండుసార్లు లాగింది. నేను చిన్న గురక కూడా పెట్టాను. పెద్దమనిషి గంట నొక్కితే, ఎయిర్ హోస్టెస్ వచ్చి పాపను వెనక్కి తీసుకుపోయింది. మిగిలిన దారి పొడుగునా నేను కళ్లు తెరవలేదు, తిండికి తప్ప. (దిగాక సామాన్ల దగ్గర పాపను ఎత్తుకుని నిలబడి ఉంటే ఆ పెద్దమనిషి నా ముందు నుంచే పోయాడు. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.)

పోయిన నెల చిత్తూరులో మా చెల్లెలి గృహప్రవేశం. భోజనాలయ్యాక మళ్లీ ఆ కథే ఎత్తుకున్నాను. చెల్లెలు పడీపడీ నవ్వి, "వదినా, ఈసారి ఇమానమెక్కితే కోడిగుడ్లు ఇంట్లోనే పెట్టేసి పో!" అంది. మా ఆవిడ కూడా నవ్వింది, ఎప్పటిలాగే. చేతులు కడుక్కునే చోట మా పాప (ఇప్పుడు ఇరవై ఒకటి) పక్కకు వచ్చింది.

"నాయనా, ఆ దినం నువ్వు నిద్రపోలేదు గదా?"

"ఏ దినం?"

"ఇమానంలో. నీ కన్రెప్పలు ఆడతా ఉన్న్యాయి."

కడిగిన చేతులే మళ్లీ కడుక్కున్నాను. "మరి మీయమ్మకేం చెప్పినావు?" అన్నాను.

"నిద్రపోతాండాడని చెప్పినా. నువ్వేదో ఆట ఆడతాండావనుకున్న్యా. చెప్పేస్తే ఓడిపోతావని."

"అమ్మేమనింది?"

"పాపం అలిసిపోయినాడు, లేపొద్దులే అనింది."

ఇంటికొచ్చి నాలుగు రోజులు కూర్చుని ఇదంతా రాసి, మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె గోంగూర ఒలుస్తూ విన్నది. సీటు సంగతి రాగానే, "అది నాకు అప్పుడే తెలుసు. కౌంటర్లో నీ ఎనకనే గదా నిలబడుండేది" అంది. నిద్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతిలో కాడ అలాగే ఉండిపోయింది.

"ఒక మాట అనేస్తే పోలా?" అన్నాను.

"ఏమనేది? ఆ పది గంటలు నేనొకదాన్నే పడినా. పదహారేండ్లు నవ్వులపాలైందీ నేనే. ఇప్పుడు చదివినావు, సరే." మళ్లీ కాడ ఒలవడం మొదలుపెట్టింది. "మీ చెల్లెలు వాళ్లు వచ్చే ఆదివారం వస్తాండారు. కథ అదే చెప్పు, బాగా చెప్తావు. మనిషిని మాత్రం మార్చు."

అందుకే ఇప్పుడు సాధన చేస్తున్నాను. ముక్కు మూసుకునే అభినయం ఇక అక్కర్లేదు, కళ్లు మూసుకునేది ఒక్కటే కావాలి. అద్దం ముందు కూర్చుని, ఒక కన్ను ఓరగా తెరిచి చూసుకున్నాను. ఇన్నేళ్లయినా రెప్పలు ఆడుతూనే ఉన్నాయి.